తీయించుకున్న పన్ను మళ్లీ మొలుస్తుందా? నాన్న జపాన్ మందు వచ్చేదాకా ఆగుతానంటున్నారు

పటమట అమ్మాయి (విజయవాడ) · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బయటివాళ్లకి చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ మా ఇంట్లో నెల రోజులుగా ఇదే గొడవ.

మా నాన్నకి 58 ఏళ్లు. షుగర్ ఉంది, మందులు వాడతారు. పది నెలల క్రితం కింద ఎడమవైపు దవడపన్ను తీయించాల్సి వచ్చింది. ఎప్పుడో పుచ్చిపోయింది, లవంగ నూనె పెట్టుకుంటూ రోజులు నెట్టుకొచ్చారు. ఒకరోజు బుగ్గ వాచి కన్ను కూడా సగం మూసుకుపోతే అప్పుడు తీసుకెళ్లాం. పన్ను నిలబెట్టే పరిస్థితి లేదని తీసేశారు. మూడు నెలల తర్వాత రమ్మన్నారు, ఆ ఖాళీలో పెట్టుడు పన్ను కోసం ఇంప్లాంటో బ్రిడ్జో చూద్దామని.

నాన్న వెళ్లలేదు. ఈలోపు వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. జపాన్ వాళ్లు పన్ను మొలిపించే మందు కనిపెట్టారట, ఒక్క ఇంజెక్షన్‌తో ఊడిన పళ్లన్నీ వచ్చేస్తాయట. "ఇంకో రెండు మూడేళ్లు ఓపిక పడితే నా పన్ను నాకే వస్తుంటే, ఎముకలో స్క్రూ ఎందుకు దిగ్గొట్టించుకోవాలి?" అంటున్నారు. పీకిన పన్నుని కూడా పారేయలేదు. దూదిలో చుట్టి మాత్రల కవర్లో పెట్టి అల్మారాలో దాచారు, తర్వాత దేనికైనా పనికొస్తుందేమోనని.

నాకు బాధ ఎక్కడంటే, ఆయన తినే తీరు మారిపోయింది. పప్పుచారులో ములక్కాడ అంటే ప్రాణం. పీచు తప్ప ఏమీ మిగలకుండా నమిలేవారు. ఇప్పుడు ముక్కలన్నీ కంచం అంచుకి నెట్టేస్తున్నారు. అడిగితే "ఆకలి లేదు" అంటారు. కుడివైపు నమలొచ్చు కదా అంటే మాట దాటేస్తారు.

నిజంగా పెద్దవాళ్లకి తీసేసిన పన్ను మళ్లీ వచ్చే అవకాశం ఉందా? ఆ జపాన్ మందు సంగతి నిజమా, అబద్ధమా? తెలిసినవాళ్లు చెప్పండి, ఆయనకి చదివి వినిపిస్తాను.

మిర్చియార్డు అన్న (గుంటూరు) · శనివారం రాత్రి 10:05

అమ్మా, ఆ వార్త అబద్ధం కాదు. నేనూ చూశాను, టీవీలో కూడా వేశారు. క్యోటో యూనివర్సిటీ హాస్పిటల్లో మనుషుల మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. లండన్లో కూడా ల్యాబ్‌లో పన్ను పెంచారట. సైన్సు ఇంత ముందుకు వెళ్తుంటే మీ నాన్నగారు ఆగడంలో తప్పేముంది? గోరు ఊడితే వస్తుంది, జుట్టు రాలితే వస్తుంది, పన్ను ఎందుకు రాకూడదు? నాకూ రెండు లేవు, నేనూ ఆగుతున్నాను.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు) · శనివారం రాత్రి 10:50

రిటైరైన సైన్స్ టీచర్ని. చదువుకున్నది ఒకటి, చూసింది ఒకటి. రెండూ చెబుతాను.

చదువుకున్నది: మనిషికి రెండే వరసలు. పాలపళ్లు 20, శాశ్వత దంతాలు 32. సొరచేపకి జీవితాంతం వస్తూనే ఉంటాయి. మొసలికి కూడా ఊడిన చోట మళ్లీ వస్తుంది. ఏనుగుకి దవడపళ్లు ఆరు విడతలుగా వస్తాయి, ఆఖరి విడత అరిగిపోతే మేత నమల్లేక చిక్కిపోతుంది. ఎలుకకి ముందు పళ్లు పెరుగుతూనే ఉంటాయి, అందుకే ఏదో ఒకటి కొరుకుతుంది. మనకి ఆ యోగం లేదని ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పాను.

చూసింది: మా తాతగారికి పళ్లన్నీ పోయి కట్టుడు పళ్లు పెట్టించుకున్నారు. 74వ ఏట పైసెట్టు సరిగ్గా కూర్చోవడం లేదు, గుచ్చుకుంటోంది అన్నారు. నేనే దగ్గరుండి చూశాను. చిగురు చీల్చుకుని తెల్లగా పన్ను మొన వచ్చింది. కోరపన్ను! ఊరంతా వచ్చి చూసి వెళ్లారు, తాతగారికి మళ్లీ బాల్యం వచ్చిందన్నారు. ఇది కళ్లారా చూసిన మాట. కాబట్టి "ఎప్పటికీ రాదు" అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. డాక్టర్లు ఎవరైనా ఉంటే వివరించాలి.

అరండల్‌పేట డాక్టర్ (గుంటూరు) · ఆదివారం ఉదయం 7:15

నేను పళ్ల డాక్టర్ని. ఆదివారం కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

పటమట అమ్మాయి గారూ, ముందు మీ ప్రశ్నకి జవాబు. మీ నాన్నగారు తీయించుకున్న ఆ పన్ను మళ్లీ రాదు. దాచిపెట్టిన పన్ను కూడా తిరిగి అతుక్కోదు. జపాన్ ప్రయోగం నిజమే, కానీ ఆయన వీడియోలో విన్నది మాత్రం నిజం కాదు. అదెలాగో చెబుతాను.

మిర్చియార్డు అన్న గారు గోరు, జుట్టు అన్నారు. మంచి ప్రశ్న. గోరు కింద, వెంట్రుక కింద దాన్ని తయారుచేసే కణాలు బతికే ఉంటాయి. ఊడింది పై సరుకు మాత్రమే, తయారీ ఆగదు. పన్ను అలా కాదు. తల్లి కడుపులో ఆరో వారంలోనే దవడ అంచున ఒక సన్నటి పొర ఏర్పడుతుంది. మొక్కకి మొగ్గలు తొడిగినట్టు ఆ పొర నుంచే పన్ను మొగ్గలు పుడతాయి. ముందు పాలపళ్లవి, వాటి పక్కనుంచి శాశ్వత దంతాలవి. మొగ్గలన్నీ వేశాక ఆ పొర కరిగిపోతుంది. పైన మెరిసే ఎనామెల్‌ని తయారుచేసిన కణాలైతే పన్ను నోట్లోకి మొలిచే సమయానికే రాలిపోతాయి. అందుకే ఎనామెల్‌కి గుంత పడితే అది పూడదు, మేం ఫిల్లింగ్ చేయాల్సి వస్తుంది. మరీ తొలిదశలో తెల్లమచ్చగా ఉన్నప్పుడు ఫ్లోరైడ్‌తో గట్టిపడొచ్చు, అంతవరకే.

అంటే పెద్దవాళ్లకి పన్ను తీశాక అక్కడ మొగ్గ లేదు, మొగ్గ వేసే పొరా లేదు. గాయం మానుతుంది, గుంటలో ఎముక పూడుతుంది, పైన చిగురు కమ్ముతుంది. శరీరం చేయగలిగింది అంతే.

మాస్టారు గారూ, మీరు చూసింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అది కొత్తగా పుట్టిన పన్ను కాదండీ. తాతగారి 32లో ఒకటి చిన్నప్పుడే బయటికి రాకుండా ఎముకలో అడ్డంగానో వాలుగానో ఉండిపోయింది. పైదవడలో కోరపన్ను ఇలా ఉండిపోవడం మేం తరచూ చూస్తాం, జ్ఞానదంతం అయితే ఇంకా ఎక్కువ. పళ్లన్నీ పోయాక దవడ ఎముక అరిగి అరిగి పల్చబడుతుంది, పైన సెట్టు ఒత్తిడి ఉంటుంది, లోపల దాక్కున్నది బయటపడుతుంది. అరవై ఏళ్లకి పైగా ఆలస్యంగా వచ్చింది, అంతే. ఒక్కోసారి పీకినప్పుడు లోపల మిగిలిన వేరు ముక్కో, చిన్న ఎముక పలుకో పైకి వస్తుంది. అది చూసి కూడా పన్ను మొలుస్తోందని సంబరపడి వస్తారు. ఎక్స్‌రే తీస్తే తేలిపోతుంది.

జపాన్ సంగతి సాయంత్రం రాస్తాను. చర్చికి టైమైంది.

బ్రాడీపేట మాస్టారు · ఆదివారం ఉదయం 8:02

యాభై ఏళ్ల సందేహం తీర్చారు డాక్టరమ్మా. ఆ పన్ను కొంచెం పసుపుగా, వంకరగా ఉండేది. కొత్త పన్నైతే అలా ఎందుకుంటుందని అప్పుడే అనుకున్నాను, అడగడానికి మా ఊళ్లో మనిషి లేరు.

మంగళగిరి మగ్గం · ఆదివారం ఉదయం 11:30

నా అనుభవం కూడా రాస్తాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది.

రెండేళ్ల క్రితం నాకు ముందు పళ్లు రెండు కదలడం మొదలైంది. ఫేస్‌బుక్‌లో ఒక ప్రకటన చూసి పళ్లపొడి తెప్పించాను. చిగుళ్లు మళ్లీ పెరుగుతాయి, ఊడిన పన్ను కూడా వస్తుంది అని రాశారు. మూడు డబ్బాలు, మూడు నెలల కోర్సు. వాడుతుంటే మంటగా ఉండేది. ఫోన్ చేస్తే, మంట పుడుతోందంటే పని చేస్తున్నట్టే అన్నారు. నమ్మాను. మగ్గం మీద కూర్చుని నాలుకతో ఆ రెండు పళ్లనీ నెట్టి చూసుకునేవాడిని, గట్టిపడుతున్నాయేమోనని. మూడో నెలలో ఒకటి దానంతటదే చేతిలోకి వచ్చేసింది.

తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్తే, చిగుళ్ల లోపల గార బాగా పేరుకుపోయింది, ముందే వచ్చుంటే శుభ్రం చేసి రెండూ నిలబెట్టేవాళ్లం అన్నారు. రెండోది మాత్రం నిలబడింది. ఆ మూడు నెలలు పోగొట్టుకున్నందుకే నా బాధ, డబ్బుకి కాదు.

అమ్మాయి గారూ, మీ నాన్నగారిలాగే నేనూ ఆగినవాణ్ణే. ఆయనతో ఫోన్లో మాట్లాడమంటే మాట్లాడతాను.

భవానీపురం చిన్నోడు · ఆదివారం మధ్యాహ్నం 1:10

ఇంప్లాంట్ ఖర్చు గురించి కూడా ఎవరైనా చెప్పండి. మా అమ్మకి ఒకదానికి ముప్పై వేలు చెప్పారు. ఆగుతానన్నవాళ్లందరూ వీడియో చూసే ఆగడం లేదు, కొందరు డబ్బులు లేక ఆగుతారు. మా అమ్మ అలాంటిదే.

మిర్చియార్డు అన్న · ఆదివారం మధ్యాహ్నం 2:45

తమ్ముడు చెప్పింది నిజం. నేను ఆగడంలో కూడా సగం అదే.

అరండల్‌పేట డాక్టర్ · ఆదివారం సాయంత్రం 5:20

జపాన్ గురించి చెబుతాను.

ఇది గాలి కబురు కాదు. కత్సు తకహాషి అనే దంతవైద్య పరిశోధకుడు ఎన్నో ఏళ్లుగా దీని మీద పనిచేస్తున్నారు. మన శరీరంలో యూఎస్ఏజీ-1 అనే ప్రొటీన్ ఉంది. పన్ను మొగ్గ పెరగకుండా బ్రేక్ వేయడం దాని పనుల్లో ఒకటి. ఆ ప్రొటీన్‌ని పట్టుకుని ఆపే యాంటీబాడీని తయారుచేశారు, ఆ మందు అదే. 2021లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వాళ్ల ఫలితాలు వచ్చాయి. పుట్టుకతోనే పళ్లు తక్కువగా ఉన్న ఎలుకలకి ఇస్తే పళ్లు వచ్చాయి. ఫెర్రెట్ అనే ముంగిసలాంటి జంతువుకి ఇస్తే అదనంగా ఒక పన్ను వచ్చింది. ఫెర్రెట్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే దానికి మనలాగే పాలపళ్లు, శాశ్వత దంతాలు అని రెండు వరసలుంటాయి.

2024 సెప్టెంబరులో మనుషుల మీద మొదటి దశ మొదలైంది. 30 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్న 30 మంది మగవాళ్లు, ఒక్కొక్కరికీ కనీసం ఒక దవడపన్ను లేనివాళ్లు. ఇక్కడే అందరూ పొరబడుతున్నారు. పన్ను లేనివాళ్లని తీసుకున్నారంటే వాళ్లకి పన్ను మొలిపించడానికే అనుకుంటున్నారు. మొదటి దశలో చూసేది మందు వల్ల శరీరానికి హాని ఉందా లేదా అని. ఒకవేళ పన్ను వచ్చినా దానికి చోటుండాలి కాబట్టి అలాంటివాళ్లని ఎంచుకున్నారు.

అసలు వాళ్ల మొదటి లక్ష్యం ఎవరంటే, పుట్టుకతోనే పళ్లు రాని పిల్లలు. వాళ్లలో మొగ్గ పెరగకుండా మధ్యలో ఆగిపోయి ఉంటుంది, దాన్ని లేపొచ్చని ఆశ. 2030 నాటికి ఆ పిల్లలకి అందించాలని వాళ్లు పెట్టుకున్న గడువు. పిప్పితోనో చిగుళ్ల జబ్బుతోనో పళ్లు పోయిన పెద్దవాళ్ల సంగతి ఆ తర్వాతే. మనిషిలో మూడో వరస మొగ్గల ఆనవాళ్లు ఉన్నాయని, వాటినీ లేపొచ్చని తకహాషి బృందం నమ్మకం. కొందరికి సహజంగానే అదనపు పళ్లు వస్తాయి కాబట్టి అది పిచ్చి ఊహ కాదు. కానీ 58 ఏళ్ల మనిషి దవడలో అది జరిగినట్టు ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లది వేరే పని. పన్నుగా మారే కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వీలైన జెల్ లాంటి పదార్థం తయారుచేశారు, 2025లో ఆ వార్త వచ్చింది. అది ల్యాబ్ గిన్నెలో జరిగింది, ఎవరి నోట్లోనూ కాదు.

ఇక ఆగడం వల్ల నష్టమేంటి అన్న అన్నగారికి. దవడ ఎముకలో పళ్లని పట్టి ఉంచే గట్టు పన్ను కోసమే నిలబడి ఉంటుంది. పన్ను పోతే దానికి పని లేదు, కరగడం మొదలుపెడుతుంది. మొదటి ఏడాదిలో ఆ గట్టు వెడల్పు దాదాపు సగం దాకా తగ్గొచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. పక్క పళ్లు ఖాళీలోకి ఒరుగుతాయి. ఎదురు పన్ను, అంటే మీ నాన్నగారికి పై దవడపన్ను, ఆనడానికి ఏమీ లేక కిందికి జారుతుంది. రేపు నిజంగానే మందు వచ్చినా ఆ పన్ను మొలవడానికి చోటు ఉండాలి కదా!

డబ్బు సంగతి భవానీపురం తమ్ముడు అడిగింది సబబైన ప్రశ్న. ఇంప్లాంట్ ఒక్కటే దారి కాదు. ఎముకలో టైటానియం వేరు పాతి, అది ఎముకతో కలిసిపోవడానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగి, పైన పన్ను పెట్టడం ఇంప్లాంట్. స్వీడన్‌లో బ్రానెమార్క్ 1965లో మొదటి మనిషికి పెట్టారు, అరవై ఏళ్ల అనుభవం ఉన్న వైద్యం ఇది. పక్క పళ్లకి తొడుగులు వేసి వాటి ఆధారంతో మధ్యలో పన్ను నిలపడం బ్రిడ్జి. అది తొందరగా అయిపోతుంది, కానీ అటూ ఇటూ బాగున్న పళ్లని అరగదీయాలి. అన్నిటికంటే తక్కువలో అయ్యేది తీసి పెట్టుకునే పన్ను. రాత్రి తీసి నీళ్లలో వేసుకోవాలి. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, అక్కడ చాలా తక్కువలో అవుతుంది. అమ్మగారిని ఒకసారి తీసుకెళ్లండి.

భవానీపురం చిన్నోడు · ఆదివారం సాయంత్రం 5:48

థాంక్యూ డాక్టర్ గారూ. ఇక్కడే ఉంటూ ఆ కాలేజీకి వెళ్లొచ్చన్న ఆలోచనే రాలేదు. ఈ వారంలో తీసుకెళ్తాను.

కొండపల్లి బొమ్మ (ఇబ్రహీంపట్నం) · ఆదివారం రాత్రి 11:25

ఎప్పుడూ చదవడమే గానీ రాయలేదు. డాక్టర్ గారు "పుట్టుకతో పళ్లు రాని పిల్లలు" అని రాసిన దగ్గర ఆగిపోయాను. మా బాబు అలాంటివాడే.

ఆరేళ్లు వాడికి. నోట్లో మొత్తం ఐదు పళ్లు. అవి కూడా మొనదేలి ఉంటాయి. జుట్టు పల్చగా, దూదిపింజెలా ఉంటుంది. చెమట పట్టదు. పేరు ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా అని చెప్పారు. మే నెలలో మా దగ్గర ఎండ సంగతి తెలుసుగా, అందరూ చెమటతో తడిసిపోతుంటే వీడు ఎర్రగా కాలిపోతాడు. తడి తువ్వాలు భుజాల మీద వేసి ఉంచుతాను. స్కూల్లో మధ్యాహ్నం ఆటల పీరియడ్‌కి పంపొద్దని చెప్పాను.

నాలుగో ఏట చిన్న పళ్లసెట్టు చేయించాం. వేలెడంత ఉంటుంది. అంతకుముందు అన్నీ మెత్తగా కలిపి పెట్టేదాన్ని. దవడ పెరిగేకొద్దీ మళ్లీ మళ్లీ మార్పించాలి, ఇప్పటికి ఇది రెండోది. పిల్లలు "తాతా" అని పిలుస్తున్నారని ఒకరోజు సెట్టు తీసి బ్యాగులో పెట్టేసుకుని వచ్చాడు.

ఆ జపాన్ మందు వార్త చూసినప్పుడు అందరూ ఎంత ఉత్సాహపడ్డారో నాకు తెలియదు, నేను మాత్రం రాత్రంతా నిద్రపోలేదు. దయచేసి ఆ వార్తని అబద్ధమని మాత్రం అనకండి.

అరండల్‌పేట డాక్టర్ · సోమవారం ఉదయం 6:30

అమ్మా, అబద్ధం కాదు. ఆ పరిశోధన మొదలైందే మీ బాబులాంటి పిల్లల కోసం. పెద్దల మీద భద్రత తేలాక, పుట్టుకతో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ పళ్లు లేని, 2 నుంచి 7 ఏళ్ల పిల్లలకి ఇచ్చి చూడాలన్నది వాళ్ల ప్రణాళిక. అది జపాన్‌లో జరుగుతుంది. ఏ పిల్లవాడికి ఎంత ఫలితం వస్తుందో ప్రయోగాలు ముగిస్తే గానీ ఎవరూ చెప్పలేరు. మీరు వార్తని నమ్మడంలో తప్పు లేదు. ఈలోగా సెట్టు మాత్రం మానిపించకండి. నమలడం, మాట స్పష్టత, ముఖం ఆకారం, మూడూ దాని మీద ఆధారపడి ఉన్నాయి. ఉన్న ఐదు పళ్లూ బంగారంతో సమానం. సెట్టు వాటినే పట్టుకుని నిలబడుతుంది, కాబట్టి వాటికి పిప్పి రాకుండా ఆర్నెల్లకోసారి చూపించండి.

బ్రాడీపేట మాస్టారు · సోమవారం ఉదయం 9:15

కొండపల్లి అమ్మాయీ, నువ్వు రాసింది చదివాక నాకొకటి గుర్తొచ్చింది. డార్విన్ 19వ శతాబ్దంలోనే సింధు ప్రాంతపు ఒక హిందూ కుటుంబం గురించి రాశాడు. నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్లకి పళ్లు చాలా కొద్ది, ఒంటి మీద జుట్టు తక్కువ, ఎండాకాలం వస్తే చర్మం ఎండిపోయి అల్లాడిపోయేవాళ్లట. మీ బాబుది కొత్త జబ్బూ కాదు, అందులో మీ తప్పూ లేదు. అప్పుడు రాసుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయారు. ఇప్పుడు చేస్తున్నారు.

ఇంకొక మాట. స్కూల్లో టీచర్‌తో మాట్లాడు. పిల్లలకి విషయం చెబితే అర్థం చేసుకుంటారు. నా క్లాసులో వినికిడి యంత్రం పెట్టుకునే కుర్రాడు ఉండేవాడు. అది ఎలా పనిచేస్తుందో ఒక పీరియడ్ పాఠం చెప్పాను. మర్నాటి నుంచి దాన్ని చూడ్డానికి క్యూ కట్టారు గానీ ఎవరూ ఏడిపించలేదు.

సత్తెనపల్లి రోడ్ (గుంటూరు) · సోమవారం మధ్యాహ్నం 12:40

డాక్టర్ గారూ, పీకిన పన్ను తిరిగి అతుక్కోదు అన్నారు. కానీ మా తమ్ముడి కొడుకుకి అతికించారు. క్రికెట్ ఆడుతుంటే బంతి తగిలి ముందు పన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. పదకొండేళ్లు వాడికి. పక్కింటాయన పన్నుని పాలగ్లాసులో వేసి బండి మీద తీసుకెళ్లారు. ఇప్పటికి మూడేళ్లయింది, ఆ పన్నుతోనే తింటున్నాడు. ఇదెలా?

అరండల్‌పేట డాక్టర్ · సోమవారం మధ్యాహ్నం 1:55

ఆ పక్కింటాయనకి దండం పెట్టాలి. ఆయన చేసిందే సరైన పని.

దెబ్బతో ఊడిన పన్ను వేరు చుట్టూ సన్నటి నారలాంటి కణజాలం ఉంటుంది. అది బతికుంటే, మళ్లీ అదే గుంటలో పెడితే పట్టుకుంటుంది. గాలికి ఎండితే నిమిషాల్లో చచ్చిపోవడం మొదలవుతుంది. అరగంటలోపు పెడితే చాలా మంచిది, గంట దాటితే ఆశ తగ్గిపోతుంది. పన్నుని తెల్లగా కనిపించే పైభాగం దగ్గరే పట్టుకోవాలి, వేరుని ముట్టుకోకూడదు. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో ఒక్కసారి తొలచాలి. రుద్దకూడదు, సబ్బు పెట్టకూడదు, గుడ్డలో చుట్టకూడదు. వీలైతే అక్కడే గుంటలో పెట్టి మెల్లగా కొరికి పట్టుకోమనాలి, లేదంటే పాలలో వేసి పరుగెత్తాలి. మంచినీళ్లలో వేయొద్దు, ఆ కణాలు పగిలిపోతాయి. ఇది శాశ్వత దంతాలకి మాత్రమే. పాలపన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు, కింద ఉన్న మొగ్గకి దెబ్బ తగులుతుంది.

పది నెలలు దూదిలో ఉన్న పన్నుకి ఇది వర్తించదు. పైగా అది కుళ్లిపోయినందువల్ల తీసింది.

పాలపళ్ల మాట వచ్చింది కాబట్టి, నాకు రోజూ మనసుకి కష్టం కలిగించేది ఒకటి చెప్పి వెళ్తాను. పిల్లలకి ఆరో ఏట, పాల దవడపళ్ల వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే ఒక కొత్త దవడపన్ను వస్తుంది. కింద రెండు, పైన రెండు. ఏదీ ఊడలేదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చిపోతున్నా "ఎలాగూ ఊడి కొత్తది వస్తుందిలే" అని వదిలేస్తారు. అది శాశ్వత దంతం. దాని వెనక ఇంకొకటి లేదు. తొమ్మిదేళ్ల పిల్లని తీసుకొచ్చి "పీకేయండి డాక్టర్, మళ్లీ వస్తుందిగా" అని నవ్వుతూ అంటారు తల్లులు. రాదమ్మా అని చెప్పినప్పుడు వాళ్ల ముఖం మారిపోతుంది, నాకు ఆ రోజంతా పని సాగదు. జపాన్ మందు గురించి అడిగేవాళ్లు వారానికి నలుగురు వస్తున్నారు. ఆ ఆరేళ్ల పన్ను గురించి అడిగినవాళ్లు ఈ ఏడాదిలో ఒక్కరూ లేరు.

మిర్చియార్డు అన్న · సోమవారం రాత్రి 9:30

డాక్టరమ్మా, మా పాపకి ఏడేళ్లు. ఇప్పుడే లైటు వేసి చూశాను. వెనకాల పన్ను ఉంది, నేనూ పాలపన్నే అనుకున్నాను. దేవుడి దయవల్ల తెల్లగానే ఉంది. ఏం చేయాలి?

అరండల్‌పేట డాక్టర్ · సోమవారం రాత్రి 9:52

ఆ పన్ను మీద గాడులు లోతుగా ఉంటాయి, బ్రష్ వెంట్రుక లోపలికి దిగదు. వాటిని పూడ్చే సీలెంట్ అనే పూత ఉంటుంది. ఇంజెక్షన్ లేదు, నొప్పి లేదు, పది నిమిషాల పని. మీకు దగ్గర్లో ఏ డెంటిస్ట్ దగ్గరైనా వేయించండి. అలాగే మీ రెండు పళ్ల సంగతి కూడా చూపించుకుని రండి.

పటమట అమ్మాయి · రెండు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 10:20

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఇక్కడ రాసినవన్నీ నాన్నకి చదివి వినిపించాను. డాక్టర్ గారు రాసింది వింటూ మధ్యలో రెండుసార్లు "మళ్లీ చదువు" అన్నారు. మంగళగిరి అన్నయ్య ఫోన్లో మాట్లాడారు, అరగంట మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాన్న చెప్పలేదు గానీ మర్నాడు తనే "ఎప్పుడు వెళ్దాం?" అన్నారు.

మొత్తం దవడ కనిపించేలా ఎక్స్‌రే తీశారు. స్క్రీన్ మీద చూపించి వివరించారు. ఖాళీ పక్కన ఉన్న పన్ను నిజంగానే వాలింది. నడుస్తూ నడుస్తూ గోడకి ఆనుకున్న మనిషిలా ఉంది. పై పన్ను రెండు మిల్లీమీటర్లు కిందికి దిగింది. నాన్న కుర్చీలోంచి లేచి స్క్రీన్ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూశారు. "పది నెలలకే ఇంతా?" అని అడిగారు. ఎముక ఇంప్లాంట్‌కి ఇంకా సరిపోతుందట. షుగర్ మూడు నెలల సగటు కొంచెం ఎక్కువగా ఉంది, అది దించుకుని వస్తే చేద్దామన్నారు. డబ్బు రెండు విడతల్లో కట్టుకోవచ్చన్నారు.

అసలు సంగతి అక్కడ బయటపడింది. కుడివైపు నమలకుండా ఎందుకున్నారో అప్పటిదాకా మాకు తెలియదు. అటు కూడా ఒక పన్ను పుచ్చి సలుపుతోంది. మళ్లీ పీకేస్తారేమోనన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజే రూట్ కెనాల్ మొదలుపెట్టారు, పన్ను నిలబడుతుందన్నారు. బెంజ్ సర్కిల్ దాకా ఆటోలో ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ముందే చెప్పుంటే మొదటిది కూడా ఉండేదేమోరా" అన్నారు. నేనేమీ అనలేదు.

అల్మారాలోని పన్ను సంగతి: చిన్నప్పుడు నా పాలపళ్లు ఊడితే నాన్నే పేడ ముద్దలో పెట్టి పెంకుల మీదకి విసిరేవారు, గట్టిగా మంచి పన్ను రావాలని. ఇప్పుడది ఏం చేయాలని అడిగితే "ఉండనీ" అన్నారు. సరే ఉండనీ అని నేనూ వదిలేశాను.

డాక్టర్ గారూ, మాస్టారూ, అన్నయ్యా, మీ అందరికీ నమస్కారాలు. కొండపల్లి అక్కా, మీ బాబు కోసం మా అమ్మ కనకదుర్గమ్మకి మొక్కుకుంది.

కొండపల్లి బొమ్మ · ఆదివారం ఉదయం 11:05

అమ్మకి నా నమస్కారం చెప్పమ్మా. మాస్టారూ, టీచర్‌తో మాట్లాడాను. శుక్రవారం క్లాసులో బాబు సెట్టు తీసి ఎలా పెట్టుకోవాలో అందరికీ చూపించాడట. ఇంటికొచ్చి ఆ మాట మూడుసార్లు చెప్పాడు. ఇప్పుడు బ్యాగులో పెట్టడం లేదు.

భవానీపురం చిన్నోడు · ఆదివారం మధ్యాహ్నం 12:15

అమ్మని డెంటల్ కాలేజీకి తీసుకెళ్లాను. తీసి పెట్టుకునే పన్నుకి అచ్చు తీసుకున్నారు. వచ్చే బుధవారం రమ్మన్నారు.

బ్రాడీపేట మాస్టారు · ఆదివారం రాత్రి 8:40

డాక్టరమ్మా, మీరు ఆరేళ్ల పన్ను గురించి రాశాక మా మనవడిని ఒళ్లో పడుకోబెట్టుకుని ఫోన్ టార్చితో పళ్లు లెక్కపెట్టాను. 24 ఉన్నాయి. 20 పాలపళ్లు, నాలుగు మీరు చెప్పినవి. కింద కుడివైపు దాని గాడిలో సన్నటి నల్ల గీత ఉంది. బ్రష్ చేయించినా పోలేదు. అది మరకా, పిప్పా? వచ్చే నెల వాళ్ల అమ్మ హైదరాబాద్ నుంచి వస్తుంది, అప్పటిదాకా ఆగొచ్చా?

అరండల్‌పేట డాక్టర్ · ఆదివారం రాత్రి 9:10

ఇక్కడ రాస్తే తేలదు మాస్టారూ, పరికరంతో తాకి చూడాలి. వచ్చే నెల దాకా వద్దు. రేపు స్కూలు అయ్యాక మీ వీధిలో ఉన్న డెంటిస్ట్ దగ్గరికి మీరే తీసుకెళ్లండి. ముందు అన్నం పెట్టి తీసుకెళ్లండి, ఆకలితో ఉంటే పిల్లలు నోరు తెరవరు.